దర్శనధ్యానసంస్పర్శైః: చేప పిల్లల్ని చూపుతో పెంచుతుందా?

ప్రవచనాల్లో తరచూ వినే మాట ఇది. "చేప తన గుడ్లను ముట్టుకోదు, పొదగదు. ఊరికే చూస్తుంది. ఆ చూపుకే గుడ్లు పిల్లలవుతాయి. అందుకే అమ్మవారికి మీనాక్షి అని పేరు." దీనికి మూలశ్లోకం ఏదని నిన్న గుంపులో ఒక చెల్లెలు అడిగింది. చేపలు నిజంగానే అలా చేస్తాయా అని కూడా అడిగింది. ఈ రెండు ప్రశ్నల్నీ విడదీయకుండా చూస్తేనే శ్లోకం సరిగ్గా బోధపడుతుందని నా నమ్మకం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

శ్లోకం చాణక్యనీతిలో నాలుగో అధ్యాయంలో ఉంది:

దర్శనధ్యానసంస్పర్శైర్మత్సీ కూర్మీ చ పక్షిణీ ।
శిశుం పాలయతే నిత్యం తథా సజ్జనసంగతిః ॥

మొదటి పాదంలో మూడు పనులు, రెండో పాదంలో ముగ్గురు తల్లులు. వరసగా జత చేసుకోవాలి: చూపుతో ఆడచేప, తలపుతో ఆడతాబేలు, స్పర్శతో ఆడపక్షి. అలంకారశాస్త్రంలో దీన్నే యథాసంఖ్యం అంటారు, తెలుగులో క్రమాలంకారం. ఆ తల్లులు బిడ్డను ఎలా సాకుతాయో మంచివాళ్ల సాంగత్యం మనిషిని అలా సాకుతుందని తాత్పర్యం.

ఇప్పుడు క్రియ మీద దృష్టి పెట్టండి. "శిశుం పాలయతే" అన్నాడు. శిశువును పాలిస్తుంది, అంటే సాకుతుంది, కాపాడుతుంది. ఇందులో "అండం" అన్న మాట లేదు, పొదగడం లేదు. గుడ్డు చిట్లి బయటికొచ్చిన బిడ్డ గురించే శ్లోకం మాట్లాడుతోంది. చూపు తగిలితే గుడ్డు పిల్ల అవుతుందన్నది తర్వాత చెప్పేవాళ్లు చేర్చిన మాట. ఆ చేర్పుతో శ్లోకం మహిమల జాబితాలోకి వెళ్లిపోయింది. చేర్పు తీసేసి చదివితే చెరువు గట్టు మీద నిలబడి ఎవరో కళ్లారా చూసి చెప్పిన మాటలా ఉంటుంది.

చెరువులో అలా చూపుతో కాపలా కాసే చేప మనకు బాగా తెలిసిందే, కొర్రమీను. కొన్ని ఊళ్లలో కొర్రమట్ట అంటారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. తొలకరి పడి చెరువుల్లోకి కొత్త నీరు దిగాక, గట్టు వార లోతు తక్కువగా ఉన్న చోట నాచునూ తూటికాడల్నీ నోటితో కొరికి, పక్కకి నెట్టి, గుండ్రంగా కాస్త జాగా చేసుకుంటుంది. గుడ్లు పసుప్పచ్చగా, నూనె బొట్టు ఉండటం వల్ల నీటి మీద తేలుతూ ఉంటాయి. వేసవి వేడి తగ్గని నీళ్లలో ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలు బయటికొస్తాయి. గుడ్డుకు కావలసింది వెచ్చదనం, గాలి. పెద్ద చేపలు అప్పుడూ పక్కనే కాపలా ఉంటాయి, కానీ గుడ్డు చిట్లేది వాటి చూపు వల్ల కాదు.

అసలు సంగతి పిల్లలయ్యాకే. కొర్రమీను పిల్లలు కొన్నాళ్లపాటు ఇటుకరాయి ఎరుపులో ఉంటాయి. వందల కొద్దీ ఒకే గుంపుగా కదులుతాయి. ఈ జాతికి మొప్పలతో పాటు పైగాలి కూడా కావాలి కాబట్టి గుంపంతా మాటిమాటికీ పైకొచ్చి గుటక వేసి దిగుతుంది. గాలీ వానా లేని పూట, కదలని నీటి మీద ఒక్క చాపంత మేర మాత్రం సన్న చినుకులు పడుతున్నట్టు కనిపిస్తే దాని కింద ఆ ఎర్ర గుంపు ఉన్నట్టే. ఇంకా కిందకి చూడండి. మోచేతి పొడవున నల్లటి నీడ ఒకటి కదలకుండా, తల కాస్త పైకెత్తి ఉంటుంది. అది పిల్లల్ని తాకదు, మేత తెచ్చి నోటికి అందించదు. గుంపు జరిగితే జరుగుతుంది, ఆగితే ఆగుతుంది. కప్పో, పామో, ఇంకో చేపో దగ్గరికొస్తే మాత్రం ఒక్క దూకులో మీద పడుతుంది. బయటి నుంచి చూసేవాడికి అది చేసే పని ఒక్కటే కనిపిస్తుంది, చూస్తూ ఉండటం. "దర్శన" అన్న మాటకు ఇంతకంటే సూటైన వ్యాఖ్యానం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

చేపకు కనురెప్పలు లేవన్నది కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. "సురమత్స్యావనిమిషౌ" అంటుంది అమరకోశం. అనిమిష శబ్దానికి దేవత అనీ చేప అనీ రెండర్థాలు. ఇద్దరూ రెప్ప వెయ్యరు. పక్షికి రెక్క ఉంది కనుక స్పర్శ ఇచ్చాడు. తాబేలు ఇసుకలో గుడ్లు పెట్టి, కప్పేసి, నీళ్లలోకి వెళ్లిపోతుంది కనుక దానికి తలపు తప్ప ఇవ్వడానికి ఏమీ లేదు. రెప్ప వాల్చని చేపకు చూపే ఇవ్వాలి మరి.

మన పెద్దలు చేపపిల్లల్ని ఎంత దగ్గరగా చూశారో అమరకోశం వారివర్గంలో, అంటే నీటికి సంబంధించిన మాటల భాగంలో, తెలుస్తుంది. "క్షుద్రాండమత్స్యసంఘాతః పోతాధానమ్" అని ఒక మాట. అప్పుడే గుడ్ల నుంచి వచ్చిన సన్నటి చేపపిల్లల గుంపుకు పోతాధానం అని ప్రత్యేకంగా పేరు. అక్కడే ఇంకోటి, "గడకః శకులార్భకః." శకులం అనే చేప పిల్లకు గడకం అని పేరు. శకులమే హిందీలో సౌల్, బెంగాలీలో శోల్ అయింది. అంటే మన కొర్రమీను. నిఘంటువులో ఇన్ని చేపలుండగా కొర్రమీను పిల్లకు వేరే పేరు పెట్టారంటే, ఆ ఎర్ర గుంపు అందరి కంటా పడేదనే కదా.

ఇక్కడిదాకా మొదటి సమాధానం. కింద వచ్చిన ప్రశ్నలకు వరసగా.

మాస్టారూ, "మత్స్యీ" అనకుండా "మత్సీ" అన్నాడేం, అచ్చుతప్పా అన్నారు. తప్పు కాదండీ. సూర్య, తిష్య, అగస్త్య, మత్స్య శబ్దాలకు యకారలోపం చెప్పే పాణిని సూత్రం ఉంది, 6.4.149. స్త్రీ ప్రత్యయం చేరినప్పుడు మత్స్యలోని యకారం పోయి మత్సీ అవుతుంది. వ్యాకరణం ప్రకారం రూపం నిక్షేపంగా ఉంది. నన్ను ఆలోచింపజేసింది వేరే విషయం, అక్కడ స్త్రీలింగం వాడటం. మంచినీటి చేపల్లో పిల్లల్ని చూసుకునే జాతులు తక్కువ. ఆ తక్కువలో తండ్రి పాత్ర చాలా పెద్దది. కొర్రమీనులో తల్లీతండ్రీ రెండూ కాపలా ఉంటాయి. అదే కుటుంబంలో చిన్నది, చన్నా గచువా అనే మట్టగిడసలో గుడ్లనూ పిల్లల్నీ నోట్లో దాచుకు తిరిగేది మగచేపే. మన గౌరామి జాతుల్లో మగది నోటితో గాలి బుడగలు వదిలి నీటి మీద నురగ గూడు కడుతుంది. గుడ్లు జారి కిందపడితే నోటితో ఏరి మళ్లీ గూట్లో పెడుతుంది. తల్లి నోట్లో పిల్లల్ని మోసే చేప చెరువుల్లో ఉందిగా అని ఎవరైనా అంటారేమో. అది తిలాపియా, ఆఫ్రికా చేప, మన దేశానికి తెచ్చింది 1952లో. చాణక్యనీతి చెప్పినవాళ్లకు తెలిసే వీలు లేదు.

చెల్లీ, నువ్వు అడిగిన రెండోది నాకు బాగా నచ్చింది. "దర్శనం అంటే తల్లి బిడ్డను చూడటమా, బిడ్డ తల్లిని చూడటమా?" అన్వయం ప్రకారం తల్లే కర్త, కాబట్టి తల్లి చూపే. కానీ ఉపమేయం దగ్గరికి వచ్చేసరికి సజ్జన దర్శనం అంటే మనం వాళ్లను చూడటం. ఈ రెండో అర్థానికీ చేపల్లో సాక్ష్యం ఉంది. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉండే ఎట్రోప్లస్ మాకులేటస్ అనే చేప, అరచేతిలో ఇమిడేంత చిన్నది, పసుపూ నారింజా కలిసిన ఒళ్లు. కేరళవాళ్ల కరిమీనుకు దగ్గరి చుట్టం. ఆలుమగలు రెండూ కలిసి గుడ్లకు రెక్కలతో నీళ్లు విసురుతాయి, పిల్లలయ్యాక వెంట తిప్పుకుంటాయి. ఆపద వచ్చినప్పుడు పొట్ట కింది నల్లటి రెక్కల్ని టపటపా ఆడిస్తాయి. ఆ కదలిక చూసి పిల్లలు దగ్గరికి చేరుకుంటాయి. అక్కడ బిడ్డలు పెద్దవాళ్లను కనిపెట్టి చూస్తేనే బతుకుతాయి. ఇంకో విశేషం, ఈ పిల్లలు తల్లిదండ్రుల ఒంటికి మూతి తాకించి చర్మం మీది జిగురును మేతగా తింటాయి. శ్లోకంలో పక్షికిచ్చిన సంస్పర్శ కూడా ఈ చేపకు దక్కింది.

కింద ఒక పెద్దాయన ఇంకో సుభాషితం గుర్తు చేశారు:

అగాధజలసంచారీ న గర్వం యాతి రోహితః ।
అంగుష్ఠోదకమాత్రేణ శఫరీ ఫర్ఫరాయతే ॥

లోతు నీళ్లలో తిరిగే రోహితానికి గర్వం లేదు, బొటనవేలు లోతు నీళ్లకే శఫరి ఫరఫరలాడుతుంది అని. శఫరి అంటే మన పరిగె లాంటి సన్న చేప. తోక మొదట్లో నల్లటి చుక్క, వెండి పొలుసు. అల్పుల్ని ఎత్తిపొడవడానికి కవి పరిగెను వాడుకున్నాడు, ఉపమానంగా బాగుంది. కానీ పరిగె తరఫున నేను ఒక మాట చెప్పాలి. అది బొటనవేలు లోతుకు వచ్చేది గొప్ప చూపించుకోవడానికి కాదు. చెరువు మత్తడి దూకినప్పుడు (మా వైపు అలుగు పారడం అంటాం) పరిగెలు ఆ పారుడుకు ఎదురెక్కుతాయి. కొత్తగా మునిగిన గడ్డి నేలల్లోకి, పొలం కాలవల్లోకి పాకుతాయి. అక్కడ నీళ్లు పలచన, ఎండ తగులుతుంది, నాచు త్వరగా పడుతుంది, దాన్ని తినే కంటికి ఆనని పురుగులు పుడతాయి. పరిగె తినేది ఆ నాచూ, ఆ పురుగులూ, కుళ్లిన ఆకూ. పైగా వాలుగ లాంటి పెద్ద చేపలకు అంత పలచటి నీళ్లలో ఒళ్లు మునగదు. అందుకే జన నిండిన పరిగెలు అక్కడికే చేరి, జిగురు గుడ్లను గడ్డి పోచలకు అంటించి వెళ్లిపోతాయి. కాపలా ఉండవు, వెనక్కి చూడవు. ఆకలేస్తే ఆ గుడ్లనే తినేస్తాయి కూడా. చూపుతో సాకే చేప శ్లోకం పరిగెకు అస్సలు వర్తించదు. దానికి కాపలా ఆ లోతులేని నీళ్లే. ఫరఫరలాడటం అని కవి విన్నది చాలా మటుకు గుడ్లు పెట్టే సందడే అయివుంటుంది.

తమ్ముడూ, కొర్రమీను పిల్లల గుంపు కనపడితే అక్కడే గాలం వెయ్యాలని నువ్వు పెట్టిన వ్యాఖ్య చదివాను. ఆ పద్ధతి చాలా చోట్ల ఉంది, కాదనను. కప్పపిల్లను గాలానికి గుచ్చి ఎర్ర గుంపు మీద ఆడిస్తారు. తల్లి దాన్ని తినడానికి రాదు, తరమడానికి వచ్చి తగులుకుంటుంది. కాపలా తగ్గితే పక్కనున్న చేపలు ఆ గుంపును ఊడ్చేస్తాయి. ఒక్క చేప కోసం ఆ గుంపంతా పోయినట్టే. నాకు ఇది బొత్తిగా ఇష్టం లేదు. మృగశిర కార్తెకు చేపలు తినే ఆచారం ఉన్న మనకు ఆ కార్తె తర్వాతే ఇవి గుడ్లు పెట్టే కాలం మొదలవుతుందని తెలియాలి. పిల్లలు విడిపోయి, ఎరుపు పోయి, ఒంటి మీద మచ్చలు తేరేదాకా ఆగండి. చెరువు ఎండే కాలంలో పట్టుకోవడానికి ఎన్ని లేవు!

చివరగా గంబూసియా. "మా కాలనీ గుంటలో దోమల కోసం వదిలారు, అది గుడ్లే పెట్టదు కదా, దాన్ని ఏ వరసలో పెట్టాలి?" అని ఒకరు అడిగారు. ఏ వరసలోనూ పెట్టలేం. అది ఉత్తర అమెరికా చేప. గుడ్లు కడుపులోనే పొదిగి, మూడు నాలుగు వారాలకు ఈదే పిల్లల్నే కంటుంది. నిండు ఆడచేపకు పొట్ట చివర నల్లటి మచ్చ కనిపిస్తుంది, చూడండి. నోరు పైకి తిరిగి ఉంటుంది, అందుకే నీటి మీదికొచ్చే దోమపిల్లలు దానికి సులువుగా అందుతాయి. ఎదురుగా తన పిల్లలే కనపడినా ఆ నోటికి తేడా లేదు. గుంటలో నాచు ఉంటేనే కొన్ని దాక్కుని బతుకుతాయి.

ఇలా సొంతవాళ్లనే తినే గుణానికి సంస్కృతంలో గట్టి మాట ఉంది. భాగవతం అష్టమ స్కంధంలో కృతమాలా నదిలో సత్యవ్రతుడు తర్పణం ఇస్తుంటే దోసిట్లో పడ్డది శఫరే. దాన్ని తిరిగి నీళ్లలో వదలబోతే, వద్దని వేడుకుంటుంది. నీళ్లలో ఉన్నవాళ్లను ఆ చిన్న చేప "జ్ఞాతిఘాతులు" అంటుంది, దాయాదుల్ని చంపేవాళ్లని. కొర్రమీను పెంచే రైతులకు ఆ మాట వివరించనక్కర్లేదు. అదే ఎర్ర గుంపు, అదే తల్లి కాపలాలో పెరిగిన పిల్లలు, మేత తగ్గితే పెద్దవి చిన్నవాటిని మింగుతాయి. అందుకే సైజుల వారీగా ఏరి వేరు వేరు తొట్లలో వేస్తారు.