కుటుంబమంతా కలిసి తొక్కే సైకిళ్ళకు గేర్లు, షాక్ అబ్జార్బర్లు అవసరమా?

కోకాపేట వాసి

సభ్యులందరికీ నమస్కారం. మేము ఇంట్లో నలుగురం: నేను, నా భార్య, పదకొండేళ్ళ అమ్మాయి, అయిదేళ్ళ అబ్బాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 2023 అక్టోబరులో ప్రారంభమైన సైకిల్ దారిలో ఆదివారం ఉదయాలు, మా కాలనీ వీధుల్లో మిగతా రోజుల సాయంత్రాలు అందరం కలిసి తొక్కాలన్నది మా ఆలోచన. మాలో ఎవరికీ వేగం మీద ఆసక్తి లేదు. నా భార్య కాలేజీ రోజుల తరువాత సైకిల్ ముట్టుకోలేదు.

గత వారం ఒక దుకాణానికి వెళ్తే, మా ఇద్దరికీ, అమ్మాయికీ కూడా 21 గేర్లు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో షాక్ అబ్జార్బర్లు, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉన్న మౌంటెన్ బైకులే చూపించి, ఇప్పుడు అందరూ ఇవే కొంటున్నారని చెప్పారు. మా నాన్నగారేమో, సరదాకు తొక్కే సైకిలుకు గేర్లెందుకు, చెడిపోయే వస్తువులకు డబ్బు పోయడమెందుకు అని అడుగుతున్నారు. నలుగురికీ కలిపి రూ.50,000 దాటకూడదని అనుకున్నాం. మీ అనుభవాలతో చెప్పగలరా?

గోదావరి గట్టు

మీ నాన్నగారి మాటే సరైనదని నా అభిప్రాయం. మాది రాజమహేంద్రవరం. ఇంట్లో గేర్లు లేని సైకిళ్ళు మూడున్నాయి. ఆరేళ్ళుగా ధవళేశ్వరం వైపు, కాలువ గట్ల మీద అందరం కలిసి తొక్కుతున్నాం. ఇన్నేళ్ళలో టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, ఒక చైను తప్ప మేము మార్చింది లేదు.

ముందు పళ్ళచక్రానికి 44, వెనుక ఫ్రీవీల్‌కు 18 పళ్ళున్న సైకిల్‌ను తీసుకుంటే, పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 26 అంగుళాల చక్రమైతే సుమారు 5 మీటర్లు ముందుకు వెళ్తాం. మాట్లాడుకుంటూ వెళ్ళే వేగానికి అది చక్కగా సరిపోతుంది. పిల్లలు పక్కన ఉన్నప్పుడు మన దృష్టి దారి మీదా వాళ్ళ మీదా ఉండాలి గాని, ఏ గేరులో ఉన్నామన్న దాని మీద కాదు.

గుట్టల దారి

గోదావరి గట్టు గారు, మీ లెక్కతో నాకు పేచీ లేదు. అయితే అది డెల్టా నేలకు సరిపోయే లెక్క. కోకాపేట దక్కను పీఠభూమి మీద రాళ్ళ గుట్టల మధ్య ఉన్న ఊరు. ఇంటి గేటు దాటగానే ఎత్తో పల్లమో ఎదురవుతుంది, సైకిల్ దారిని చేరుకోవాలంటే ఫ్లైఓవర్లూ వాలు రోడ్లూ తప్పవు. పదిహేనేళ్ళ తరువాత మళ్ళీ సైకిలెక్కిన మనిషి మొదటి వారంలోనే ఎత్తు మీద దిగి నెట్టవలసి వస్తే, రెండో వారానికి ఆ సైకిల్ బాల్కనీలో బట్టలారేసుకునే దండెంగా మారిపోతుంది. ఇది మా అపార్ట్‌మెంటులో నేను ఒకటికి నాలుగుసార్లు చూశాను.

ముందు 38 పళ్ళు, వెనుక 14 నుంచి 28 పళ్ళ దాకా ఏడు గేర్లు ఉంటే, అన్నిటికన్నా తేలిక గేరులో అదే 26 అంగుళాల చక్రం పెడల్ చుట్టుకు మూడు మీటర్లకు లోపే కదులుతుంది. అంటే మీ 5 మీటర్ల సైకిల్‌తో పోలిస్తే మోకాళ్ళ మీద భారం దాదాపు సగానికి తగ్గుతుంది. అలాగని 21 గేర్లు కావాలని నేను అనడం లేదు. ముందు మూడు, వెనుక ఏడు కలిపి 21 అని లెక్క చెబుతారు గాని, వాటిలో చాలావరకు ఒకదానికొకటి దగ్గరగా ఉండి పునరావృతమయ్యేవే. వెనుక ఏడు, ముందు ఒక్క పళ్ళచక్రం ఉన్న హైబ్రిడ్ సైకిల్, అంటే రోడ్డు సైకిలుకూ మౌంటెన్ బైకుకూ మధ్యస్థంగా ఉండేది, మీ కుటుంబానికి సరిపోతుంది.

షాక్ అబ్జార్బర్ల విషయంలో మాత్రం మీ నాన్నగారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఈ ధరల్లో వచ్చే స్ప్రింగు ఫోర్కు మామూలు ఫోర్కు కన్నా కిలోకు పైగా బరువుంటుంది. ఎత్తు మీద నిలబడి తొక్కితే మీరు పెట్టిన బలంలో కొంత ఆ స్ప్రింగును అణచడానికే పోతుంది.

చైను–చక్రం

గుంటూరులో పందొమ్మిదేళ్ళుగా సైకిల్ మరమ్మతు దుకాణం నడుపుతున్నాను. గేర్ల సైకిళ్ళ మీద నాకు ద్వేషం లేదు, కానీ నా దగ్గరకు ఏవి ఎందుకు వస్తాయో చెబితే కొనేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

గేర్ల సైకిల్ కుడి పక్కకు పడిందంటే, వెనుక గేర్లు మార్చే డెరైలర్ బిగించిన చిన్న లోహపు హ్యాంగరు వంగుతుంది. అది కాస్త వంగినా గేర్లు జారుతూనే ఉంటాయి, బాగా వంగితే డెరైలర్ వెళ్ళి చువ్వల్లో చిక్కుకుంటుంది. పిల్లలు సైకిల్‌ను పడేయకుండా ఉండరు కాబట్టి, కొనేటప్పుడే ఒక హ్యాంగరు అదనంగా అడిగి ఇంట్లో పెట్టుకోండి. ఒక్కో మోడలుకు ఒక్కో ఆకారం ఉంటుంది, తరువాత వెతికితే దొరకదు. చవక షాక్ అబ్జార్బర్లయితే రెండు వానాకాలాలు గడిచేసరికి లోపల తుప్పు పట్టి కదలడం మానేస్తాయి. అప్పుడు మిగిలేది బరువే. కుటుంబ వేగాలకు రిమ్మును రెండు పక్కలా రబ్బర్లతో నొక్కే వి-బ్రేకులు చాలు. వాటి రబ్బర్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, మార్చడం మీరే నేర్చుకోవచ్చు. తీగతో పనిచేసే చవక డిస్క్ బ్రేకులు రాసుకుంటూ శబ్దం చేస్తున్నాయన్న ఫిర్యాదు నా దుకాణంలో వారానికి రెండుసార్లయినా వింటాను.

చక్రం కొలత గురించి కూడా గమనించండి. టైరు పక్క మీద 37-622 వంటి అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు కూర్చునే రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 700సి అనేదీ 29 అంగుళాలు అనేదీ ఒకే 622 రిమ్ము. పాత పెద్ద సైకిళ్ళకు 635, 26 అంగుళాల మౌంటెన్ బైకులకు 559. పేరు చూసి కాకుండా ఈ అంకె చూసి టైరు కొంటే పొరపాటు జరగదు.

మరో ముఖ్యమైన మాట. పెట్టెలో ఇంటికి తెప్పించుకుని సొంతంగా బిగించుకున్న సైకిళ్ళలో ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉన్నవి నేను చాలా చూశాను. ఫోర్కు వంపు ముందుకే ఉండాలి. దయచేసి అనుభవమున్నవారి చేత బిగించుకోండి.

ఆలస్యంగా నేర్చుకున్నాను

ఇంతవరకూ వచ్చిన సమాధానాలన్నీ చదివాను. గేర్లూ రిమ్ములూ చర్చకు వచ్చాయి గాని, సైకిలెక్కడానికి అందరికన్నా ఎక్కువ సంకోచించే మనిషి ఆ ఇంట్లో ఎవరు, ఆమెకు ఏది కావాలి అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను ముప్పై నాలుగో ఏట సైకిల్ నేర్చుకున్నాను. అప్పుడు నాకు గేర్లు అడ్డమనిపించలేదు. మధ్యలో ఉన్న ఎత్తయిన కమ్మీ అడ్డమనిపించింది. ఆగవలసి వచ్చినప్పుడు కాలు నేలకు అందదేమోనన్న భయంతో నెల రోజులు సైకిలే ఎక్కలేదు. మధ్య కమ్మీ కిందికి వాలి ఉండే సైకిల్ తెచ్చుకుని, సీటు బాగా దించి, రెండు పాదాలూ నేలకు ఆనేలా పెట్టుకున్న రోజున ఆ భయం పోయింది. ధైర్యం వచ్చాక సీటును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చాను. కింది పెడల్ మీద మడమ ఆనించినప్పుడు కాలు నిటారుగా అయ్యే ఎత్తు సరైనదని తరువాత తెలిసింది.

చుడీదార్ వేసుకుని తొక్కేవారికి చైను కవరు ఎంత అవసరమో మౌంటెన్ బైకులు అమ్మేవారు చెప్పరు, ఎందుకంటే వాటికి అది ఉండదు. చున్నీ చక్రంలో పడకుండా ముడి వేసుకోవడం ఎంత ముఖ్యమో కొత్తవారికి మొదటి రోజే చెప్పాలి. మన దేశంలో అమ్మే సైకిళ్ళకు కుడి చేతి మీట ముందు బ్రేకు అన్నది కూడా అలాగే చెప్పవలసిన విషయం. భయంలో దాన్ని ఒక్కసారిగా నొక్కితే మనిషి ముందుకు తూలుతుంది. మీ భార్య గారిని దుకాణానికి తీసుకువెళ్ళి, ఎక్కించి, ఆపించి, దింపించి చూడండి. ఆమెకు ఏది నచ్చితే దాన్ని బట్టి మిగతా సైకిళ్ళు ఎంచుకోండి. వెనుకబడినవారి వేగమే కుటుంబం వేగం.

విశాఖ ఉదయం

షాక్ అబ్జార్బర్లను ఇంత తేలికగా కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచడం లేదు. నాకు యాభై రెండేళ్ళు, నడుము నొప్పి ఉంది. బీచ్ రోడ్డు నున్నగానే ఉంటుంది గాని, మా ఇంటి నుంచి అక్కడికి చేరేలోపు స్పీడ్ బ్రేకర్లు, పైపుల కోసం తవ్వి పూడ్చిన గాడులు లెక్కలేనన్ని. మామూలు ఫోర్కు ఉన్న హైబ్రిడ్ మూడు నెలలు తొక్కి, మణికట్లు నొప్పెట్టి అమ్మేశాను. ఇప్పుడున్నది షాక్ అబ్జార్బరున్న సైకిల్. ఎక్కువ దూరం వెళ్ళగలుగుతున్నాను. బరువు ఎక్కువన్నది నిజమే, కానీ నేను దాన్ని భుజాన మోయడం లేదు కదా.

గుట్టల దారి

విశాఖ ఉదయం గారు, మీ నొప్పిని తక్కువ చేసి మాట్లాడాలన్న ఉద్దేశం నాకు లేదు. ఆ హైబ్రిడ్ టైర్లలో గాలి ఎంత పెట్టేవారో చెప్పగలరా? టైరు మీద రాసి ఉన్న గరిష్ఠ పీడనం 75 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) అయితే చాలామంది అంతా నింపేస్తారు. 38 మిల్లీమీటర్ల టైరులో మీ బరువును బట్టి 45, 50 దగ్గర ఉంచితే, అదే టైరు చిన్న కుదుపులను చాలావరకు మింగేస్తుంది. నడుముకు తగిలే దెబ్బ ముందు ఫోర్కు నుంచి కాదు, సీటు కింది నుంచి వస్తుంది. దానికి స్ప్రింగు సీటు గాని, ఇంకా వెడల్పు టైరు గాని ఎక్కువ ఉపయోగం.

విశాఖ ఉదయం

పంపు మీద 70 చూపేదాకా కొట్టేవాణ్ణి, ఒప్పుకుంటాను. సీటు గురించి మీరు చెప్పినది కూడా ఆలోచించదగిన మాటే. అయినా మణికట్ల నొప్పి తగ్గింది ఫోర్కు వల్లనే అన్న నా నమ్మకం మారలేదు. నా వయసువారు ఎవరైనా అడిగితే, రెండూ తొక్కి చూసి ఎంచుకోమనే చెబుతాను.

గోదావరి గట్టు

పిల్లల సంగతి వదిలేశాం. ఎదిగే పిల్ల కదా అని పెద్ద సైకిల్ కొనకండి. మా అబ్బాయికి అలా కొని, రెండేళ్ళు వాడు మునివేళ్ళ మీద ఆగుతూ భయపడితే గాని నాకు తెలిసిరాలేదు. మీ అమ్మాయి ఎత్తును బట్టి 24 అంగుళాలది సరిపోవచ్చు, కూర్చోబెట్టి చూస్తే తెలుస్తుంది. చిన్నవాడికి పక్క చక్రాలు పెట్టడం కన్నా, 16 అంగుళాల సైకిల్‌కు పెడళ్ళు విప్పేసి, సీటు దించి, కాళ్ళతో నేలను తంతూ వెళ్ళనివ్వండి. పక్క చక్రాలున్నంతకాలం వాడికి ఒరగడం రాదు. ఒరగడం వస్తేనే నిలకడ వస్తుంది. పూర్తి దూరం వాడు తొక్కలేడు కాబట్టి వెనుక పిల్లల సీటు బిగించుకునే ఆలోచన ఉంటే, వాటికి సాధారణంగా 22 కిలోలే పరిమితి. ముందు వాణ్ణి తూచండి. హెల్మెట్లు నాలుగు మీ బడ్జెట్‌లో కలుపుకోవడం మరవద్దు.

గేర్ల విషయంలో గుట్టల దారి గారు చెప్పిన ఎత్తుపల్లాల వాదనను అంగీకరిస్తున్నాను. మా నేల మీద నిలబడి మీకు సలహా చెప్పాను.

కోకాపేట వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం నలుగురం కలిసి వేరే దుకాణానికి వెళ్ళాం. నా భార్య ఆరు సైకిళ్ళు ఎక్కి దిగింది. చివరకు మధ్య కమ్మీ వాలి ఉన్న, వెనుక ఏడు గేర్లు, చైను కవరు, ముందు బుట్ట ఉన్న సైకిల్ దగ్గర ఆగిపోయింది. దుకాణం పక్కనున్న ఎత్తు మీద దిగకుండా తొక్కగలిగింది. నాకు మామూలు ఫోర్కు, వి-బ్రేకులు ఉన్న హైబ్రిడ్ తీసుకున్నాను. 40 మిల్లీమీటర్ల టైర్లు పడతాయని అడిగి తెలుసుకున్నాను. అబ్బాయి 19 కిలోలున్నాడు గనుక క్యారియరు బిగించి పిల్లల సీటు పెట్టిస్తున్నాం. హ్యాంగర్లు రెండు అడిగి తీసుకున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిన సంగతి నాన్నగారు గుర్తుచేయగా బిల్లులో అది సరిచూసుకున్నాం.

అమ్మాయి విషయమే తేలలేదు. 24 అంగుళాల సైకిల్‌లో గేర్లు లేనిది నేను చూపిస్తే, అమ్మకున్నట్టు తనకూ గేర్లు కావాలని పట్టుబట్టింది. ఎత్తుల మీద మాతో సమానంగా రావాలంటే ఉండాలనే నాకూ అనిపిస్తోంది. కుడి పక్కకు పడేస్తే ఏమవుతుందో చైను–చక్రం గారి మాటలు చదివి వినిపించాను. తాను ఎడమ పక్కకే పడతానని మాటిచ్చింది. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం.