విదేశీ తోటల్లో మీరు చూసిన వింత మొక్కలేంటి?

పచ్చాకు
ఏప్రిల్‌లో మొదటిసారి వెళ్తున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. నెదర్లాండ్స్‌లో క్యూకెన్‌హాఫ్, లండన్‌లో క్యూ గార్డెన్స్ అనుకున్నాం. ఒక్కోదానికి ఎంత టైమ్ పడుతుంది? వీల్‌చైర్ దొరుకుతుందా? విత్తనాలు తెచ్చుకోవచ్చా?

గన్నేరు
ఏప్రిల్ కాబట్టి బతికిపోయారు. నేను జూన్‌లో వెళ్లాను! క్యూకెన్‌హాఫ్ తోట మార్చి మధ్య నుంచి మే మధ్య వరకే, ఎనిమిది వారాలు. ట్యులిప్‌ల్లాంటి పూల దుంపలు 70 లక్షలు నాటతారట. నేను చూసింది మూసిన గేటు. మా ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉన్నారు.

మొండిమొక్క
ట్యులిప్‌లు ఫొటోలకి బాగుంటాయి, అంతే. వింత చూడాలంటే మారిషస్‌లో పాంప్లెముస్ తోటకి వెళ్లండి. చెరువు నిండా అమెజాన్ నుంచి వచ్చిన విక్టోరియా కలువలే. ఆకు అంచు పళ్లెంలా నిలబడి ఉంటుంది, వాన నీళ్లు జారిపోవడానికి రెండు చోట్ల గంట్లు. గాలికి ఒక ఆకు కాస్త లేచింది. అడుగంతా ఊదా రంగు, దూలాల్లాంటి ఈనెలు, వాటి నిండా ముళ్లు! పువ్వేమో పాలలా తెల్లగా ఉంది.

సుబ్బులు
తెలుపా? క్యూలో నేను చూసింది గులాబీ రంగు. మీరు వేరే కలువ చూసుంటారు.

మొండిమొక్క
నా కళ్లు బాగానే ఉన్నాయండీ. ఫొటో కూడా ఉంది.

సుబ్బులు
ఈ రోజుల్లో ఫొటోలకేం, ఏ రంగు కావాలంటే ఆ రంగు.

బోటనీ_మాస్టారు
ఇద్దరూ ఆగండి. ఇరవై ఏళ్లు ఈ పాఠమే చెప్పాను. మీరిద్దరూ చూసింది ఒకే రకం పువ్వు. మొదటి సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, అప్పుడది ఆడపువ్వు. లోపల వేడి పుట్టి, వాసన గుప్పుమంటుంది, పెంకు పురుగులు లోపలికి దూరతాయి. రేకులు ముడుచుకుంటే రాత్రంతా జైలే. మర్నాటి సాయంత్రం గులాబీ రంగులో, మగపువ్వుగా తెరుచుకుంటుంది. పురుగులు పుప్పొడి పూసుకుని ఇంకో తెల్ల పువ్వు వెతుక్కుంటాయి.

మొండిమొక్క
అంటే నేను చెప్పింది కరెక్టే.

సుబ్బులు
నేను చెప్పిందీ కరెక్టే. అయినా మాస్టారూ, లండన్ అద్దాల ఇంట్లోకి అమెజాన్ పురుగులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

బోటనీ_మాస్టారు
రావమ్మా. తోటవాళ్లే చేత్తో పుప్పొడి అద్దుతారు. ఇంకో సంగతి, ఆ కలువల్లో మూడో జాతి ఉందని 2022లోగానీ తేలలేదు. పేరు విక్టోరియా బొలీవియానా. దాని ఎండు నమూనా అదే క్యూలో 177 ఏళ్లుగా వేరే పేరుతో పడి ఉంది. అంతటి నిపుణులే పొరబడ్డారు, మీరిద్దరూ కొట్టుకోవడం దేనికి?

నల్లగింజ
విత్తనాల గురించి నన్నడగండి. రాలిన గింజలు నాలుగు కాగితంలో చుట్టి తెచ్చా. ఎయిర్‌పోర్టులో బయటికి తీయించి చెత్తలో పడేశారు. ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే పురుగూ తెగులూ లేవని ఇచ్చే కాగితం, ఉందా అన్నారు. ఆ మాట వినడం అదే మొదటిసారి. నాలుగు గింజలకి ఇంత రాద్ధాంతమా?

గన్నేరు
రాద్ధాంతం కాదు. గింజతో పాటు పురుగో, తెగులో వస్తే? అసలు తోటలో గింజ ఏరడమే దొంగతనం.

నల్లగింజ
నేలమీద రాలింది ఏరితే దొంగతనమా! జూన్‌లో ట్యులిప్‌లు చూడ్డానికి వెళ్లినవాళ్లు నాకు చెప్పొచ్చారు.

కందగడ్డ
మీరు కొట్టుకుంటూ ఉండండి. నేను శవం వాసన పువ్వు చూశా! టైటన్ ఆరమ్, మన కందకి దగ్గరి చుట్టం. విచ్చుకుంటే ఒకటి రెండు రోజులే ఉంటుంది. ఎడిన్‌బరా తోటలో దీని దుంప ఒకటి 153.9 కిలోలు తూగింది. కంద వండేవాళ్లు ఆలోచించుకోండి.

సుబ్బులు
ఛీ, భోంచేస్తూ చదివాను.

బోటనీ_మాస్టారు
పచ్చాకు గారూ, క్యూలో టెంపరేట్ హౌస్ అనే అద్దాల ఇల్లు వదలకండి. ఎన్సెఫలార్టోస్ వుడీ అనే సైకాడ్ (పూలు పూయకుండానే గింజలు కాసే పాతకాలపు మొక్క) ఉంది, చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. 1895లో దక్షిణాఫ్రికా అడవిలో ఒకే ఒక్క మగచెట్టు కనపడింది. ఆడచెట్టు ఇప్పటిదాకా దొరకలేదు. లోకంలో ఉన్నవన్నీ దాని పిలకలే. దాని ముందు పావుగంట నిలబడిపోయాను.

పచ్చాకు
అందరికీ థాంక్స్. మరి వీల్‌చైర్?

గన్నేరు
అయ్యో, మర్చేపోయాం! రెండు చోట్లా ఇస్తారు, ముందే బుక్ చేసుకోండి. ఒక్కో తోటకి ఒక పూర్తి రోజు పెట్టుకోండి.

మొండిమొక్క
పాత ఫోన్‌లో ఫొటో దొరికింది, పెడుతున్నా. తెల్లగానే ఉంది.