అప్‌డేట్: ప్రీనప్ (ఆస్తులు, డబ్బు గురించి పెళ్లికి ముందే రాసుకునే ఒప్పందం) మీద సంతకం పెట్టాలా వద్దా అని అడిగాను కదా

అబ్బాయి కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నాడు, పెళ్లికి ముందే ప్రీనప్ మీద సంతకం పెట్టమన్నాడు, నాన్నేమో అసలు ఈ సంబంధమే వద్దన్నారు అని రాసింది నేనే. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

కాలిఫోర్నియాలో నాకంటూ వేరే లాయర్‌ని పెట్టుకున్నాను, ఫీజు తనే కట్టాడు. అక్కడ పెళ్లయ్యాక ఎవరు సంపాదించినా ఇద్దరికీ చెరి సగం, ముందు కొన్నది ఎవరిది వాళ్లదే, కాబట్టి తన ఇంటి గురించి నాకు పేచీ లేదు. కానీ నాలుగో పేజీలో ‘ఎవరి జీతం వారిదే, విడిపోతే భరణం అడగకూడదు’ అని ఉంది, అసలు తంటా అదే. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య/భర్తకిచ్చే డిపెండెంట్ వీసా) మీద వెళ్తున్నాను, తన ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయ్యేదాకా నాకు వర్క్ పర్మిట్ రాదు, మరి జీతమే లేనప్పుడు నాకు మిగిలేదేంటి?

ఇదే తనతో గట్టిగా చెప్పాను. మొదట ముఖం మాడ్చుకున్నాడు గానీ ఆ రెండు షరతులూ తీసేయించాడు. అమ్మ పెట్టే బంగారం, నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చే ఎకరం నావే అని కూడా రాయించాను, అది విన్నాక నాన్న కాస్త మెత్తబడ్డారు. ఫైనల్ కాపీ ఇచ్చాక కనీసం 7 రోజులు ఆగాలని అక్కడి చట్టం, ఆ గడువు అయ్యాక సంతకం పెడుతున్నాను.