బాక్స్‌టర్ ఐఎంఎస్ బేరింగ్ ఇప్పుడే మార్పించాలా, క్లచ్ పోయేదాకా ఆగాలా?

అందరికీ నమస్కారం. డల్లాస్‌లో ఉంటాను. నాది 2003 పోర్షే బాక్స్‌టర్ ఎస్, మాన్యువల్ గేరు, 68 వేల మైళ్లు తిరిగింది. ఎన్నేళ్లుగానో దాచుకున్న డబ్బుతో కొన్న బండి. ఇందులో ఐఎంఎస్ బేరింగ్ (ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ నుంచి క్యామ్‌షాఫ్టులకు తిప్పుడు అందించే ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ను మోసేది) ఒంటి వరుస గోళీలది. అది పోతే వాల్వులు తెరుచుకునే టైమింగ్ తప్పి, అవి పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది కదా!

ప్రస్తుతానికి ఏ చప్పుడూ లేదు. మొన్న ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ మడతలు విప్పి చూశాను, ఇనుప రజను కనబడలేదు. అయినా హైవే ఎక్కితే గుండెల్లో గుబులే. క్లచ్ ఇంకో ఏడాది వచ్చేలా ఉంది. క్లచ్ మార్చడానికి ఎలాగూ గేర్‌బాక్స్ దించాలి కాబట్టి బేరింగ్, వెనక ఆయిల్ సీలు అప్పుడే మార్పించవచ్చా? లేక అన్నాళ్లు ఆగడం ప్రమాదమా? సెరామిక్ గోళీల బేరింగ్ వేయించినవాళ్లు ఎన్ని మైళ్లు నడిపారో దయచేసి చెప్పండి.