బాబ్‌స్లెడ్ (మంచు దారిల జారే బండి పందెం) ఆడుకుంట ఆర్మీల ఉండొచ్చా? మా తమ్ముని కోసం అడుగుతున్న

హన్మకొండ_అక్క
మా తమ్మునికి 20 ఏండ్లు. 100 మీటర్లు 11.1ల ఉరుకుతడు, బరువు 84 కిలోలు. అమెరికా బాబ్‌స్లెడ్ టీంల సైనికులున్నరని, జీతం ఆర్మీనే ఇస్తదని ఫోన్‌ల చూసిండు. అప్పటి నుంచి అదే మాట. బాపు ఎనుమాముల మార్కెట్ల హమాలీ, "మంచు లేని ఊర్ల మంచు ఆట ఏందిరా" అంటున్నడు. మన ఆర్మీల ఇది కుదురుతదా? ఆట అయిపోయినంక నౌకరి ఉంటదా? దెబ్బలు తగుల్తయా?

పరకాల_పీఈటీ
22 ఏళ్లుగా పిల్లలను పరుగెత్తిస్తున్నాను, నా మాట వినండి. బాబ్‌స్లెడ్‌లో పరుగంటే మొదటి 50 మీటర్లే. ఐదు సెకన్ల చిల్లరలో బండిని తోసి ఎక్కి కూర్చోవాలి. తర్వాత పైలట్, అంటే ముందు కూర్చుని బండి నడిపేవాడి చేతిలోని రెండు తాళ్లదే పని. నలుగురి బండి మనుషులతో కలిపి 630 కిలోలు దాటకూడదు. అందుకే బలమున్న స్ప్రింటర్లను, గుండు విసిరేవాళ్లను వెతికి తీసుకుంటారు. మీ తమ్ముడు ఇంకో పది కిలోల కండ పెంచాలి. ఆర్మీ ర్యాలీ కోసమని 1600 మీటర్ల పరుగు సాధన చేస్తుంటే ఇవాళే మాన్పించండి.

ములుగు_మాజీ_హవల్దార్
సారూ, 1600 మానేస్తే ఆర్మీల ఎట్ల చేరుతడు? ర్యాలీల ఐదున్నర నిమిషాల లోపట ఉరికితెనే 60 మార్కులు. అయినా ఆటలోన్ని సిపాయి అనుడు నాకు నచ్చది. నేను సియాచిన్ల ఉన్నోన్ని. రాత్రి ఊపిరందక లేచి కూసునేటోన్ని. సాక్సు ఇప్పితే కాలివేళ్లు నల్లగ కనవడ్డయి. మంచు అంటే గది.

ధర్మపురి_హర్డిల్స్
హవల్దార్ సాబ్, గా మాట వాపస్ తీసుకోండి. నేను ఆటల కోటాల చేరినోన్నే. ట్రైనింగ్ అందరితోటే చేసిన, కసమ్ పరేడ్ (ట్రైనింగ్ అయినంక ప్రమాణం చేసేది) అందరితోటే చేసిన. నాలుగో ఏడు మోకాలు లిగమెంట్ తెగింది. ఆపరేషనైనంక యూనిట్‌కు పంపిన్రు, ఆ వారమే గార్డు డ్యూటీ ఎక్కిన. విజయ్ కుమార్ 2012ల లండన్ నుంచి పిస్టల్ షూటింగుల రజతం తెచ్చిండు, సుబేదారే కదా. నీరజ్ చోప్రా 2016ల నాయబ్ సుబేదార్‌గ చేరిండు. వీళ్లు సిపాయిలు కాదా?

ములుగు_మాజీ_హవల్దార్
వాళ్ల పతకాలకు సెల్యూట్ కొడ్త. నా బాధ వేరే. మా ప్లాటూన్ల ఒక పిలగాడు కబడ్డీ క్యాంపుకు పోతే వాని పహరా నాకు పడ్డది. రెండు గంటలది నాలుగు గంటలైంది, గట్ల నాలుగు నెలలు. వాడు కప్పుతోటి వచ్చి ఫొటో దిగిండు. నన్ను అడిగినోడు లేడు.

పరకాల_పీఈటీ
మిల్ఖా సింగ్ పరుగు మొదలైంది మన సికింద్రాబాద్‌లోని ఈఎంఈ (ఆర్మీ యంత్రాల మరమ్మతు విభాగం) సెంటర్‌లోనే. ఆయన పహరా కూడా ఎవరో ఒకరు కాసే ఉంటారు. ఆ లెక్కన ఆయన పరుగెత్తకూడదా?

ములుగు_మాజీ_హవల్దార్
గ్రౌండ్ల విజిల్ ఊదేటోళ్లు పహరా ముచ్చట చెప్పొద్దు సార్. మర్యాదగ చెప్తున్న.

కాజీపేట_రన్నర్
కొట్లాట ఆపండి. అక్కా, నా మాట యాదికి పెట్టుకో: "స్పోర్ట్స్ కోటా పక్కా" అనే అకాడమీలకు పైస కట్టకు. నేను 40 వేలు కట్టిన. మూడు నెలలు చెరువు కట్ట మీద ఉరికిచ్చిన్రు, సర్టిఫికెట్ మాట ఎత్తితే ఫోన్ ఎత్తలే. అమ్మ పుస్తెలతాడు ఇంక బ్యాంకులనే ఉన్నది.

కరీంనగర్_మంచుబండి
అసలు ప్రశ్నకు జవాబు ఎవ్వరూ చెప్పట్లేదు. వేడి దేశం కాబట్టి కుదరదనేవాళ్లకు జమైకా సంగతి చెప్పాలి. 1988లో కాల్గరీ ఒలింపిక్స్‌కు వచ్చిన వాళ్ల టీంలో డడ్లీ స్టోక్స్ సైన్యంలో హెలికాప్టర్ పైలట్, డెవాన్ హారిస్ లెఫ్టినెంట్. నలుగురి బండి బోల్తా కొడితే లేచి దాని పక్కన నడుచుకుంటూ గీత దాటారు. 1994లో లిల్లెహామర్‌లో 14వ స్థానం, అమెరికా బండ్ల కంటే ముందు!
అమెరికా సైన్యంలో ఆటగాళ్ల కోసం 1997 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. ఫోర్ట్ కార్సన్ దాని స్థావరం. స్టీవెన్ హోల్కోంబ్ అక్కడి నేషనల్ గార్డ్ (రిజర్వు సైన్యం)లో చేసినవాడు. కార్నియా జబ్బుతో చూపు పోతుంటే చికిత్స చేయించుకుని, 2010లో నలుగురి బండి పైలట్‌గా బంగారం గెలిచాడు. అమెరికాకు ఆ పతకం 62 ఏళ్ల తర్వాత.
మనకు ట్రాకే లేదు. శివ కేశవన్ హిమాలయాల రోడ్ల మీద చక్రాల బండితో సాధన చేసి 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్ ఆడాడు. ఆయనది ల్యూజ్ (వెల్లకిలా పడుకుని మంచు మీద జారే చిన్న బండి), సైనికుడూ కాదు. కానీ దారి లేనిచోట నడిచాడు.

మెట్‌పల్లి_అమ్మ
దెబ్బల సంగతి అడిగింది బిడ్డ, ఒక్కరు చెప్పలేదు. మా పిలగాడు జమ్మూల ఉంటడు. రెండు మేడారం జాతరలకు సెలవు దొరకలే. ఫోన్ల "మంచిగున్న అమ్మా" అంటడు, గొంతు మాత్రం వేరే ఉంటది. పిలగాన్ని ఒక్కన్ని ఎటూ పంపకు బిడ్డా.

కరీంనగర్_మంచుబండి
దెబ్బలు తగులుతాయమ్మా. గంటకు 130 కిలోమీటర్లు దాటిన వేగం, మలుపుల్లో ఒంటి మీద నాలుగైదు రెట్ల బరువు. తల అదిరి అదిరి ఏళ్ల తరబడి నొప్పితో ఉన్నవాళ్లున్నారు. ఇది దాచొద్దు.

హన్మకొండ_అక్క
అందరికి దండాలు. నిన్న వాడకట్టుల టాటా ఏస్‌ను న్యూట్రల్ల పెట్టి తమ్ముడు తోసిండు. స్టీరింగ్ బాపు పట్టుకున్నడు. నేను టేపుతోటి కొలిచి సుద్దతోటి గీతలు గీసిన. చెప్పులు జారుతున్నయని వట్టి కాళ్లతోటి తోసిండు, సిమెంటు రోడ్డుకు మడిమె చీరి రక్తమొచ్చింది, అయినా ఆపలే. బాపు దిగి ఏమనలే, పసుపు తెచ్చి అద్దిండు. రాత్రి అడిగిండు, "గా మంచు బండికి బ్రేకు ఎవరు ఏస్తరే?" అని. ఎవరికన్న తెలుసా?

ధర్మపురి_హర్డిల్స్
ఆఖరుకు కూసున్నోడు ఏస్తడు. అదీ గీత దాటినంకనే, నడుమ ఏస్తే మంచు చెడిపోతది. అక్కా, మన ఆర్మీ ఆటల కోటాలకు ముందు నేషనల్స్ లాంటి పెద్ద పోటీల పతకం కావాలె, అథ్లెటిక్స్‌లనే చూసుకోండి. బరువులు ఎత్తే ముందు మోకాళ్లు ఎవరికన్న చూపియ్యి. నాకు చెప్పినోళ్లు లేకుండె.

ములుగు_మాజీ_హవల్దార్
తమ్మున్ని ఐతారం పొద్దుగాల ఐదింటికి మా గ్రౌండుకు పంపు చెల్లే. 1600 నేను ఉరికిస్త. పైస వద్దు.

పరకాల_పీఈటీ
1600 వద్దని మొదటి రోజే చెప్పాను.