కశిష్ ఫెస్టివల్‌లో టైమంతా షార్ట్ ఫిల్మ్స్‌కే పెట్టొచ్చా?

విశాఖ_తీరం: ముంబైలో జరిగే కశిష్ క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్ల కథల) ఫిల్మ్ ఫెస్టివల్‌కి మొదటిసారి వెళ్దామనుకుంటున్నా. పెద్ద సినిమాలు తర్వాతైనా ఓటీటీలో వస్తాయేమో కదా, షార్ట్స్‌కే టైమంతా పెట్టనా? ముఖ్యంగా ట్రాన్స్ వాళ్ల కథలు చూడాలనుంది.

మ్యాట్నీ_షో: షార్ట్స్‌కే పెట్టండి. కొన్నిటిని కలిపి ఒకే షోగా వేస్తారు, వాటిలో చాలావి మళ్లీ ఎక్కడా దొరకవు. పైగా 2010లో దీన్ని మొదలుపెట్టిన శ్రీధర్ రంగయన్ గారి సినిమా ‘గులాబీ ఆయినా’కే 2003లో సెన్సార్ సర్టిఫికెట్ ఇవ్వలేదు, అలాంటి మనిషి కట్టిన వేదిక ఇది. 2013లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసే సెక్షన్ 377ని మళ్లీ నిలబెట్టాక కూడా, అవి నేరం కాదన్న 2018 తీర్పు వచ్చేదాకా ఏటా ఆపకుండా నడిపారు. అందుకే నాకు అంత గౌరవం.

రెండో_ఆట: ట్రాన్స్ కథ అంటే ముందు ఎవరు రాశారో చూడండి. ‘మాన్‌సూన్ డేట్’ అనే షార్ట్ ఫిల్మ్ రాసిన గజల్ ధలీవాల్ స్వయంగా ట్రాన్స్ మహిళ. డేట్‌కి వెళ్తున్న ఒక ట్రాన్స్ మహిళకి తన గురించి నిజం చెప్పాలా వద్దా అన్న టెన్షన్ అందులో చాలా నిజాయితీగా ఉంటుంది. కొంకణా సేన్ శర్మ బాగా చేసింది, కానీ ఆ పాత్ర ట్రాన్స్ నటికే ఇవ్వాల్సింది.

విశాఖ_తీరం: థాంక్సండీ, అయితే షార్ట్స్‌కే ఫిక్స్.