పాత టీవీ, హ్యాండీక్యామ్‌తో వీడియో ఫీడ్‌బ్యాక్: తెర తెల్లబడిపోతోంది, శబ్దం ఎలా కలపాలి?

ఉప్పుగాలి

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. మా తాతగారి పిక్చర్ ట్యూబ్ టీవీని, మినీ డీవీ హ్యాండీక్యామ్‌ను అటక మీద నుంచి దించాను. కెమెరా నుంచి వచ్చే పసుపు పిన్నును టీవీ వెనుక గుచ్చి, కెమెరాను అదే తెర వైపు తిప్పాను. తెరలో తెర, అందులో మళ్లీ తెర కనిపించాయి. వీడియో ఫీడ్‌బ్యాక్ అంటే ఇదే. కానీ కెమెరాను కాస్త దగ్గరకు జరిపితే అంతా తెల్లబడిపోతోంది. వెనక్కి జరిపితే నల్లబడి ఆగిపోతోంది. ఈ రెంటి మధ్యా బొమ్మ తనంతట తాను కదిలే చోటు ఒకటి ఉంది. ఒకటి రెండు క్షణాలు కనిపించి జారిపోతోంది. దాన్ని నిలబెట్టడం ఎలా?

ఇంకొక సంగతి. దీనికి శబ్దం కూడా నేనే చేయాలి. తర్వాత ఎక్కడి నుంచో సంగీతం తెచ్చి అతికించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. బొమ్మ ఏ తీగలోంచి వస్తోందో శబ్దమూ అందులోంచే రావాలి. నా దగ్గర శబ్దాలు కలిపే చిన్న ఆడియో మిక్సర్, ల్యాప్‌టాప్ ఉన్నాయి. ఈ పని చేసిన వాళ్లు చెప్పగలరా?

డాబాగార్డెన్స్ మెకానిక్

అమ్మా, చాలా ఏళ్లు టీవీలు బాగుచేసిన చేతులు నావి. మీ ప్రశ్న చూసి సంతోషం కలిగింది. ఈ పెట్టెలను పాత ఇనుముకు వేసేయకుండా బొమ్మలు పుట్టించడానికి వాడే వాళ్లు ఇంకా ఉన్నారన్నమాట.

లోపం టీవీలో లేదు. మీ కెమెరా ఆటోలో ఉండి ఉంటుంది. తెర నల్లబడగానే అది వెలుతురు చాలదనుకుని కన్ను పెద్దది చేస్తుంది, తెల్లబడగానే మూసుకుంటుంది. మీరు ఒక వైపు లాగుతుంటే అది ఇంకో వైపు లాగుతోంది. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ మాన్యువల్‌లో పెట్టండి. చేతి వణుకును సరిదిద్దే సౌకర్యం ఉంటే అదీ ఆపేయండి. గదిలో దీపాలు ఆర్పి, కెమెరాను స్టాండు మీద బిగించండి.

ఇప్పుడు అసలు విషయం. వెలుగు తెర నుంచి కెమెరాకు, కెమెరా నుంచి తెరకు చుట్లు తిరుగుతోంది. మన పాత టీవీలు వాడే పాల్ (PAL) పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. బొమ్మకు ఒక చుట్టు అనుకుంటే, ఒక్కో చుట్టులో వెలుగు పదో వంతు పెరిగినా సెకను తిరిగేసరికి పది రెట్లు దాటుతుంది. తెల్లబడడం అందుకే. అంతే వేగంగా తగ్గితే నల్లబడుతుంది. కాబట్టి కెమెరాను జరపకండి. టీవీ బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ బాగా తగ్గించి, వెంట్రుకవాసి చొప్పున పెంచండి. మీరు వెతుకుతున్న చోటు ఆ రెండు మీటల్లోనే ఉంది.

నల్లని తెర ముందు ఒక అగ్గిపుల్ల వెలిగించి తీసేయండి. పుల్ల ఆరిపోయినా మంట తెరలో చిక్కుకుని తిరుగుతూనే ఉంటుంది. దాని మధ్య భాగం తెల్లగా నిలిచి, అంచులు ఒక్కో చుట్టుకూ కొంచెం రంగు మారుతూ బయటికి పాకుతాయి. అప్పుడు కెమెరాను నెమ్మదిగా పక్కకు వంచండి. కొద్దిగా వంచితే సుడి తిరుగుతుంది. 60 డిగ్రీల దగ్గర ఆరు రేకులు, 72 దగ్గర అయిదు రేకులు వస్తాయి. ఎందుకో మీరే కాగితం మీద వేసి చూడండి, 360ని భాగించడమే. జూమ్ కొంచెం ఎక్కువైతే అన్నీ బయటికి పరుగెడతాయి, తక్కువైతే లోపలికి కుంగుతాయి.

రెండు జాగ్రత్తలు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఈ పిన్నులకు త్వరగా చిలుము పడుతుంది, బొమ్మలో గీతలు వస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్ల తడిపి తుడవండి. టీవీ వెనుక మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. ప్లగ్గు తీసేసినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు.

మురళీనగర్ మిక్సర్

శబ్దం గురించి నేను చెబుతాను. అతికించకూడదన్న మీ పట్టుదలను చివరిదాకా వదలకండి.

పసుపు తీగలో పారేది సుమారు ఒక వోల్టు సంకేతం, అంటే మిక్సర్ లైన్ ఇన్‌కు (మైకు కాని పరికరాలను తగిలించే రంధ్రానికి) దాదాపు సరిపోయేదే. రెండుగా చీలే పిన్ను ఒకటి కొని, ఒక కొసను టీవీకి, ఇంకో కొసను మిక్సర్‌కు ఇవ్వండి. మొదట అన్ని వాల్యూములూ సున్నాలో ఉంచండి, హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకోవద్దు. ఒక్కో బొమ్మను రెండు సగాలుగా, అంటే సెకనుకు 50 సార్లు పంపుతారు కాబట్టి 50 హెర్ట్జ్ బుర్రుమనే మోత వినిపిస్తుంది, పైన 15,625 హెర్ట్జ్ సన్నని కూత ఉంటుంది. పెద్ద వయసు వారికి ఆ కూత వినపడకపోవచ్చు. తెర మీద అడ్డగీతలు ఎనిమిది సమానంగా పరుచుకుంటే ఎనిమిది యాభైలు, 400 హెర్ట్జ్ స్వరం పలుకుతుంది, గీతలు పెరిగితే స్వరమూ పైకి పోతుంది. బొమ్మ ఆకారం మారినప్పుడల్లా మోత గొంతు మారుతుంది.

ఎదురు దారి కష్టం. శబ్దాన్ని నేరుగా టీవీకి ఇస్తే సింక్ (గీతలు ఎక్కడ మొదలవ్వాలో టీవీకి చెప్పే సంకేతం) లేక బొమ్మ నిలవదు. దానికి బదులు ఒక చిన్న స్పీకర్‌లో కదిలే పొర మీద అద్దం ముక్క అంటించి, కెమెరా ఆ అద్దంలోంచి తెరను చూసేలా అమర్చండి. మిక్సర్ శబ్దం ఆ స్పీకర్‌లోంచి వస్తే మంద్రస్వరాలకు బొమ్మంతా వణుకుతుంది, ఆ వణుకు మళ్లీ శబ్దంలోకి వస్తుంది. చుట్టు పూర్తయినట్టే.

మిక్సర్ అవుట్‌ను దాని ఇన్‌లోకే తిప్పి వాయించే పద్ధతి కూడా ఉంది. జపాన్ సంగీతకారుడు తొషిమారు నకమురా ఏళ్ల తరబడి దాన్నే వాద్యంగా చేసుకున్నారు. బొమ్మకు, శబ్దానికి ఒకే సంకేతాన్ని వాడడంలో వీడియో కళాకారులు స్టైనా, వూడీ వసుల్కా దంపతుల పని చూసి తీరాలి. న్యూయార్క్‌లో 1971లో ‘ది కిచెన్’ అనే ప్రయోగ కళల వేదికను మొదలుపెట్టింది వారే. మన దేశంలో కూడా ప్రయోగ సంగీతం కొత్త కాదు. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ 1969లోనే మూగ్ సింథసైజర్‌తో (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం) స్టూడియో నెలకొల్పారు. మన వాళ్లు అక్కడ చేసిన టేపులు వినండి.

సీతమ్మధార

టీవీ దొరకని వారికి: ఒలీవియా జాక్ రాసిన హైడ్రా అనే బొమ్మలు పుట్టించే ప్రోగ్రామ్ ఉంది. బ్రౌజర్‌లో ఉచితంగా నడుస్తుంది, మైకులోని శబ్దాన్ని కూడా అందుకుంటుంది. అయితే మీ దగ్గర పిక్చర్ ట్యూబు ఉంది కాబట్టి ముందు దాని సంగతే చూడండి.

ఉప్పుగాలి

మాస్టారూ, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టగానే నిలిచింది! అగ్గిపుల్ల మంట చాలా సేపు తిరిగింది. మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది. పిన్ను చీల్చి మోత కూడా విన్నాను. సుడి విచ్చుకుంటున్నప్పుడు శబ్దం గరగరలాడి, రేకులు కుదురుకోగానే నున్నబడింది. అద్దం ఇంకా అంటించలేదు. దీన్ని రికార్డు చేయాలంటే ఇంకో కెమెరా కావాలా?

డాబాగార్డెన్స్ మెకానిక్

అక్కర్లేదమ్మా. మీ హ్యాండీక్యామ్‌లోనే క్యాసెట్ పెట్టి రికార్డు నొక్కండి. తెరను ఇంకో కెమెరాతో తీస్తే నల్ల పట్టీలు పాకుతాయి. శబ్దాన్ని మిక్సర్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి తీసుకోండి. మొదట్లో కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొడితే హ్యాండీక్యామ్ మైకులోనూ, మిక్సర్‌కు తగిలించిన ఒక మైకులోనూ ఆ చప్పుడు పడుతుంది, తర్వాత రెండింటినీ కలపడం తేలిక. నలుగురికీ చూపించేటప్పుడు వెలుగు టపటపా కొట్టుకుంటుందని ముందే చెప్పండి, మూర్ఛ ఉన్నవారికి అది ప్రమాదం.